కోటయ్య మోపెడ్డు వియోగ పర్వము

తూర్పున సముద్రుడు ఒడ్డును విడిచి పోవుచున్నట్లే నటించి, నాలుగడుగులు వెనుకకు వేసి, మనసొప్పక మరల వచ్చి దాని పాదములపై పడుచుండు గిలకలదిండి రేవునందు, కార్తీకమంతయు బీరకాయతోను వంకాయతోను శుష్కించిన జిహ్వలు మత్స్యరసమునకై హాహాకారములు చేయుచుండగా, పోలి స్వర్గమునకు వెళ్ళిన మరునాడు, ఐసుమర గర్జించుచు, వేలంపాట కేకలు కాకులను సైతము సిగ్గుపడజేయు ఉదయము ఆరుగంటల శుభవేళ, ఒక మోపెడ్డు బ్రదుకవలెనా, విడిపోవలెనా యను మహాసమరమునకు భేరి మ్రోగెను.

ఆ మోపెడ్డు సామాన్యమైనది కాదు. తుప్పుకవచధారి, ఏకదీపలోచన, ధూమకేతు సహోదరి, వయసు ఇరువది మూడేండ్లు. దాని సైలెన్సరు ఏనాడో పగిలి, ఆ పగులులోనుండి వెడలు ధ్వని మూడు పొలముల అవతలి గేదెలను లేపి నిలువబెట్టును. దాని సారథి కోటయ్య. పాదముల నడుమ చేపల థర్మాకోల్ పెట్టె. వీపు వెనుక, మడిచిన గోనెసంచి సింహాసనముపై, ఆయన భార్య అచ్చమ్మ. ఆ రథము గూడూరు పొలిమేర చేరినదో లేదో, వీధివీధికి స్త్రీలు గిన్నెలతోను, పిల్లులు తోకలతోను బయటికి వచ్చి నిలుచుండెడివారు. ఇరువది మూడేండ్లలో ఆ దంపతులు "చేపలు" అని ఒక్కమారైనను అరచి ఎరుగరు. అరచుట మోపెడ్డు పని.

అట్టి వీరమాత గతవారము కాలువకట్ట మలుపున బ్రేకును త్యజించి, దంపతులతో సహా జలప్రవేశము చేసెను. అచ్చమ్మ తుమ్మకొమ్మను, కోటయ్య అచ్చమ్మను పట్టుకొని ప్రాణములు దక్కించుకొనిరి. ఆమె ఎడమకాలి చెప్పు మాత్రము కాలువ వెంట సముద్రమునకు వెళ్ళిపోయెను. ఆమె కుడిచెప్పును ఇంటిచూరున భద్రపరచెను. ఏల అనగా అచ్చమ్మ దేనిని విడువజాలదు. దివిసీమ ఉప్పెననాడు పదేండ్ల వయసున తల్లి చేయి ఎట్లు జారెనో ఆ చేతికి నేటికిని తెలియును. పగిలిన చాటయైనను ఆమె ఇల్లు విడిచి పోజాలదు.

అట్టి అచ్చమ్మయే ఆ ఉదయము, ఐసుమర ప్రక్కన రేకులషెడ్డులో మెకానిక్కు కొండయ్య ఎదుట నిలిచి, "దీన్ని అమ్మేద్దాం" అని పలికెను.

కొండయ్య మోపెడ్డు నాడి చూచి, నూనెచేతులు తుడుచుకొని తీర్పు చెప్పెను. "బావా, బ్రేకులేస్తే ఫోర్కు తట్టుకోదు. ఫోర్కు మారిస్తే అడుగంతా తుప్పు. చెయ్యమంటే చేస్తాను. కానీ చేశాక అది ఇంకో బండవుద్ది. ఇది మిగలదు. సాయంత్రం పాతసామాన్లవాడొస్తాడు, ఈలోగా ఏదోటి చెప్పు."

"బ్రేకు లేకపోతే నాకు కాళ్ళు లేవా?" అనెను కోటయ్య.

"కాళ్ళతో ఆపే కాడికి బండెందుకయ్యా, నడిచేపోదాం," అనెను అచ్చమ్మ.

ఆ సమయమున అల్లుడు బాలాజీ, వీచని గాలివలె, మ్రోగని గంటవలె, నిశ్శబ్దముగా ఒక ఛార్జింగ్ బండిపై వచ్చి వారి వెనుక నిలిచెను. వచ్చినట్లు ఎవ్వరును ఎరుగరు.

"మావయ్యా, ఇవాళ దీన్ని తిప్పి చూడండి. నచ్చితే మీరే ఉంచుకోండి, నేను ఇంకోటి చూసుకుంటా. బ్రేకు ఇలా ముట్టుకుంటే ఆగుద్ది. సౌండే ఉండదు."

"సౌండు లేకపోతే అది బతికుందో లేదో ఎట్టా తెలుస్తుందిరా?"

అంతట కోటయ్య లేని మీసమును దువ్వి, ఆకాశమునకు చేయెత్తి, సముద్రము సాక్షిగా ఘోరప్రతిజ్ఞ చేసెను. ఆ ప్రతిజ్ఞ బందరు భాషలో ఇట్లుండెను: "గూడూరులో మనం తిరిగే ఏడు వీధుల్లో ఈ మూగదానికి ఒక్క ప్రాణి బయటికొస్తే నా బండి తూకానికి ఇచ్చేస్తా. రాలేదో, రిపేరే. మళ్ళా మాటుండదు. నేను హారను కొట్టను, నోరు విప్పను."

"సరే," అనెను అచ్చమ్మ. ఆమె కన్నులయెదుట కాలువ నీరు మెదలెను.

అటుపిమ్మట కవళ్ళు, కానాగంతలు, నాలుగు చందువ చేపలు పెట్టెలో సేనలవలె బారులు తీరి, మంచుదుప్పటి కప్పుకొనగా, నిశ్శబ్దరథము గూడూరుపై దండెత్తెను.

మొదటి వీధి. తలుపులు మూసియుండెను. లోపల మిక్సీలు ఘూర్ణిల్లుచుండెను. నెలదినములు చేపకై తపించిన ఆ గృహములకు, తమ గుమ్మముల ముందునుండియే చేప పోవుచున్నదని తెలియదు. రెండవ వీధిలో ఒక ముసలాయన అరుగుపై పేపరు చదువుచు తల ఎత్తలేదు. మూడవ వీధి, నాలుగవ వీధి, ఐదవ వీధి. ఆరవ వీధికి ఐసు కరిగి పెట్టెమూలనుండి కన్నీటివలె కారుచుండెను.

లోకములో ఒక్క చేపయు అమ్ముడుపోనందుకు ఆనందించిన చేపలవర్తకుడు కోటయ్య ఒక్కడే. ప్రతి వీధిచివర ఆయన వెనుదిరిగి భార్యవంక చూచి, ప్రతిజ్ఞాబద్ధుడగుటచే మాటలాడక, వ్రేళ్ళతో లెక్క చూపించుచుండెను. ఆరు వ్రేళ్ళు లేచెను. ఏడవ వీధి మొదలాయెను.

అచ్చమ్మ హృదయక్షేత్రమున అప్పుడు రెండు సైన్యములు తలపడెను. ఈ మోపెడ్డు ఎట్లు వచ్చెను? ఆమె తలపై గంపతో ఈ వీధులలోనే కేకవేయుచు తిరుగు కాలమున గొంతు పుండై, డాక్టరు అరవవద్దనినప్పుడు, కోటయ్య తన వెండి మొలతాడు అమ్మి దానిని తెచ్చెను. "ఇక నువ్వు అరవొద్దు, ఇదే అరుస్తుంది," అని అనెను. అట్టిదానిని తూకమునకు పంపుటకు నాలుక ఎట్లాడును? కాని విడువవలసినదానిని విడువనిచో, విడువరానిది పోవును. కాలువకట్ట మలుపు రేపును అక్కడనే యుండును.

ఆమె ఊపిరి పీల్చెను. నోరు తెరచెను. ఇరువది మూడేండ్ల తుప్పుపట్టిన ఆ కంఠమునుండి మొదట వెడలినది తలుపు కిర్రుమనిన శబ్దము. ఒక తొండ మాత్రము తల ఊపెను.

రెండవమారు ఆమె బండి ఆపించి, దిగి, నడుమున చేయివేసి నిలిచెను.

"చేపలమ్మా... కవళ్ళూ... కానాగంతలో..."

ఆ కేక ఏడవ వీధిని ఈ కొసనుండి ఆ కొసవరకు దున్నుకొనిపోయెను. మిక్సీలు ఆగెను. కోటయ్య ప్రతిజ్ఞ మరచి, "ఏంటిది, తొండాట?" అనెను.

"నువ్వు విప్పనన్నావు. నేను అన్నానా?"

ఆ క్షణమున సంతోషమ్మగారి ప్రహరీపై ఒంటికన్ను గండుపిల్లి ఒకటి ప్రత్యక్షమాయెను. అది కేకను వినెను, వాసనను చూచెను. మోపెడ్డుకై వీధి నలువైపుల వెదకెను. కానరామిచే సందేహించి అక్కడనే కూర్చుండెను.

"గోడమీదుంటే వచ్చినట్టు కాదు," అనెను కోటయ్య.

అచ్చమ్మ కానాగంత నొకదానిని తోకపట్టి ఎత్తి చూపెను. పిల్లి మీసములు కదలెను. ముందుకాలు సాచెను. మరల ముడిచెను. ముల్లోకములు ఊపిరి బిగబట్టెను. పిల్లి దుమికెను.

దాని వెనుకనే తలుపు తెరచుకొని సంతోషమ్మగారు గిన్నెతో వచ్చిరి. "ఎవరో కొత్తావిడ అనుకున్నాను. నువ్వా అచ్చమ్మా? నీకు ఇంకా ఇంత గొంతుందా? ఇన్నాళ్ళూ మీ ఆయన బండే మాట్లాడేది." ఆమె వెంట వీధి, ఆ వీధి వెంట వెనుకటి ఆరు వీధులును కదలివచ్చెను. పెట్టెలో నీరు మాత్రము మిగిలెను.

సాయంత్రము కొండయ్య షెడ్డు ముందు పాతసామాన్ల వాహనము నిలిచియుండెను. కోటయ్య "ఒక్కసారి స్టార్టు చేస్తాను" అని పెడలు త్రొక్కెను. త్రొక్కెను. మరల త్రొక్కెను. మోపెడ్డు పలుకలేదు. అచ్చమ్మ వచ్చి సీటుపైనున్న గోనెసంచిని విప్పి చంకనబెట్టుకొనెను. విప్పిన చేయి కొంతసేపు సీటుపైననే యుండెను.

నలుగురు మోపెడ్డును ఎత్తి వాహనములో పడవేయుచుండగా, కోటయ్య నోటితో "డబడబడబడబ" అని ధ్వని చేయ నారంభించెను.

"జనం నవ్వుతున్నారయ్యా," అనెను అచ్చమ్మ.

"దాన్ని మూగగా పంపమంటావా?"

వాహనము మలుపు తిరుగువరకు ఆయన ఆపలేదు.

ఇట్లు గూడూరు సప్తవీధీ మహాసంగ్రామమున, మూగరథముపై నిలిచి, పోరాడి, అచ్చమ్మ ఒక పిల్లిని గోడ దింపెను. ఈ కథ విన్నవారి బండ్లకు బ్రేకులు పట్టుగాక, పట్టనిచో విడుచు ధైర్యము కలుగుగాక. ఆ విజయమునకు చిహ్నమేదియు నేడు గూడూరులో కానరాదు. ఉన్న ఒక్క కానాగంతను పిల్లి ముల్లుతో సహా తినెను.