మూడు కవర్ల తోక వెంట్రుకలు

ఏడింటికి ఆవును బండెక్కించాలి, ఎనిమిదింటికి పాలు గడ్డకట్టాలి, తొమ్మిదింటికి చీజ్ అచ్చుల్లో పడాలి. ఆ రోజుకు అత్తగారు వేసుకున్న లెక్క అది.

ఆమెకు మూడు ఆవులు. రెండు కొత్తవి బిందెలకొద్దీ పాలిస్తాయి, దగ్గరికెళితే తంతాయి. మూడోది మౌని. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కాలెత్తలేదు, పాలు మాత్రం వాటిలో సగం. మేత మూడింటికి చాలదు కనుక ఒకటి కబేళాకు పోవాలి. అత్తగారికి మౌని అంటే ప్రాణం. దాన్ని ఉంచుకోవడానికి ఏదైనా కారణం దొరుకుతుందేమోనని పశువుల డాక్టరును అడిగింది.

పాలలో కేసిన్ అనే మాంసకృత్తి ఉంటుందనీ, అది ఏ రకమో ఆవు పుట్టుకతోనే తేలిపోతుందనీ, మేలు రకమైతే గడ్డ గట్టిగా కడుతుందనీ ఆయన చెప్పాడు. తోక వెంట్రుకలు కుదుళ్లతో పీకి, ఆవుకో కవరు చొప్పున పరీక్షకు పంపమన్నాడు. ఆ పని ఇంటల్లుడి మీద పడింది. ఫలితం వచ్చింది. మూడూ మేలు రకమే.

"అన్నీ ఒకటే అయితే తక్కువిచ్చేదే కదా పోవాలి," అంది అత్తగారు, పాకవైపు చూడకుండా.

ఏడింటికి మౌని వెళ్లిపోయింది. మిగిలిన రెండింటి పాలే గంగాళంలో పోసి, గడ్డకట్టించే రెన్నెట్ కలిపారు. ఎనిమిదిన్నరకు గడ్డ కోయడానికి కత్తి దించితే పాలు పాలలాగే ఉన్నాయి.

"అల్లుడుగారూ, ఈ రెన్నెట్ మీ తాతగారు దాచిపెట్టిందాండీ?"

"నిన్ననే తెచ్చానత్తయ్యా!" అంటూ అతను ఇంకో మూత పోశాడు.

"వేడి చాల్లేదేమో," అని కూతురు మంట పెంచింది. తల్లి తగ్గించింది. అల్లుడు మరో రెండు మూతలు పోశాడు.

"గంగాళం సబ్బుతో తోమావా అమ్మా?"

"ముప్పై ఏళ్లుగా తోముతున్నాను, నాకు నేర్పకు!"

తొమ్మిదింటికి గంగాళంలో ఉన్నది కుడితిలా ఉంది. రుచి చూస్తే చేదు.

"నిన్నటిదాకా కట్టిన పాలకు ఇవాళేం రోగం? మూడూ మేలు రకమేనన్నారుగా!"

అల్లుడు గరిటె కింద పెట్టాడు. "ఆ రెండూ తంతాయత్తయ్యా. మౌని కదలదు. అందుకని... మూడు కవర్లలోనూ దానివే పెట్టాను."

అత్తగారు చేతులైనా తుడుచుకోకుండా బండివాడికి ఫోన్ చేసింది. "బాబూ, బండి ఆపు! ఆవును వెనక్కి తీసుకురా!"

"ఇంకెక్కడి ఆవమ్మా? అప్పుడే అయిపోయింది. ఎంత బుద్ధిమంతురాలో! తాడు లాగే పనే లేదు, దానంతటదే లోపలికి నడిచింది."

కూతురు మంట ఆర్పేసింది. అంతలో ఫోన్ మోగింది. పరీక్ష చేసినవాళ్లు.

"అమ్మా, పొరపాటు జరిగినట్టుంది. మూడు కవర్లలోనూ ఒకే ఆవు. మిగతా రెండింటివీ పంపండి. ఈ ఆవును మాత్రం వదులుకోకండి, ఇలాంటివి అరుదు."

మూడు పరీక్షల్లోనూ మౌని నెగ్గింది.