ఆడితే పాడైపోయే ఆట

తల్లులారా! పిల్లల క్షేమం కోరేవాళ్లయితే ఇవాళే వాళ్లకి బొమ్మల కార్డుల సెట్టు కొనిపెట్టండి. భూమ్మీద ఇంతకన్నా భద్రమైన ఆట లేదు. ఎందుకంటారా? దీన్ని ఎవరూ ఆడరు!

నేను ఉత్త పిరికిదాన్ని. పిల్ల ఉయ్యాల ఎక్కితే నాకు గొలుసు తెగినట్టే, సైకిలెక్కితే ఎదురుగా లారీ వచ్చినట్టే. అలాంటిది, ఏడో తరగతి చదివే మా అమ్మాయి ఈ కార్డుల మీద పడ్డాక గాని నాకు కంటినిండా నిద్ర పట్టలేదు.

నిజానికి ఇవి ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఆడాల్సినవట. కానీ ఆడితే మూలలు నలుగుతాయి. నలిగితే విలువ పోతుంది. అందుకని ప్యాకెట్ విప్పగానే కార్డు ప్లాస్టిక్ తొడుగులోకి, తొడుగు గట్టి డబ్బాలోకి, డబ్బా బీరువాలోకి! పుట్టినప్పుడు మా అమ్మాయినే నేను ఇంత జాగ్రత్తగా చుట్టలేదు.

బొమ్మలు మాత్రం, అబద్ధమెందుకు, అద్భుతం. ఒక నీలం డ్రాగన్ ఉంది. పొలుసు పొలుసూ విడిగా గీశారు. కార్డు కాస్త వంచి చూస్తే నోట్లో నిప్పు కదులుతుంది. గీసినాయన పేరు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. పాపం, ఆయన్ని ఎవరూ కలెక్ట్ చేయరు కాబోలు!

అదే డ్రాగన్ మళ్లీ మూడు రకాలు. మామూలుది, మెరిసేది, అంచు లేనిది. అంచు లేనిదే అన్నిట్లోకీ గొప్పదట! నేను ఇంట్లో మిషన్ మీద స్కూలు యూనిఫాంలు కుడతాను. అంచు మడవకుండా ఒక్క స్కర్టు ఇచ్చి, "ఇది స్పెషల్ ఎడిషన్ మేడమ్" అంటే నా మొహాన కొట్టరూ?

ఇంకో వింత వినండి. "రేర్" అన్న ముద్ర కూడా ఫ్యాక్టరీలోనే పడుతుంది! అచ్చు యంత్రం చేతిలో ఉన్నవాడు ఇంకో లక్ష అచ్చేయలేడా? వేయగలడు. వేయకుండా ఊరుకున్నందుకే మనం వాడికి డబ్బిచ్చేది. పని చేయనందుకు నాకెవరైనా ఇస్తే బాగుండును!

మొన్న మా అమ్మాయి, "అమ్మా, ఇది మింట్ కండిషన్!" అంది. మింట్ అంటే పుదీనాయే కదా అని కార్డు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. నలగని కొత్త సరుకని దానర్థమట! పిల్ల కెవ్వుమంది.

"ఊపిరి వదలకమ్మా! తేమ పడుతుంది!"

ఇంట్లో ఇప్పుడు నేను ఊపిరి కూడా అడిగి వదులుతున్నాను. ఎంత క్రమశిక్షణ!

మా ఆయన దగ్గర కాస్త గొణిగితే, "నీకు కావలసింది ఇదేగా? దెబ్బ తగలదు, ఎండ తగలదు. మనిషి గాలి కూడా తగలదు. ఇంకెందుకే ఏడుపు?" అన్నాడు.

నిజమే! ఇదివరకు మా అమ్మాయి నేస్తాలు ముగ్గురు వచ్చి ఇల్లు పీకి పందిరేసేవారు. "చూడండి, ముట్టుకోకండి" అని ఇది రెండుసార్లు అన్నాక ఇద్దరు రావడం మానేశారు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో! గోడ గడియారం ఇంత గట్టిగా కొట్టుకుంటుందని నాకు తెలియదు.

నిన్న ఉండబట్టలేక, "ఎలా ఆడాలే ఇది? నేర్పు, నేను కూర్చుంటా" అన్నాను.

"ఏమోనమ్మా. రూల్స్ నాకూ తెలీవు" అంది.

ఇంతలో మిగిలిన ఆ ఒక్కర్తీ, మేడ మీద పిల్ల, బంతి చంకలో పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "వస్తావా, రావా? ఇంక నేను పిలవను" అంది. మా అమ్మాయి డబ్బా మీంచి తల ఎత్తకుండానే అడ్డంగా ఊపింది.

అప్పుడు నేనేం చేశానో నాకే తెలియదు. ఎండలో టోపీ లేకుండా పిల్లని గడప దాటనివ్వని మనిషిని! రెక్క పట్టుకుని, చెప్పులైనా వేయకుండా దాన్ని బయటికి నెట్టి తలుపేసేశాను.

చాలాసేపు తలుపు బాదింది. తిట్టింది. ఏడ్చింది. తర్వాత బాదడం ఆగింది. కిటికీ సందుకి చెవి ఆనించాను.

"తొండి! తొండి! నేనవుట్ కాదు!" వీధి అదిరేలా మా అమ్మాయి గొంతు. "పోవే, నువ్వే తొండిమొహందానివి!" అని రెండో గొంతు.

పరిగెత్తుకెళ్లి విడదీయాలనిపించింది. కొట్టుకుంటారేమో, కళ్లలో దుమ్ము పడుతుందేమో! తలుపు దాకా వెళ్లాను కూడా.

వెళ్లి, పైగడియ కూడా వేసి వచ్చాను.