సైరన్‌తో మొదలయ్యే ఆల్బం

ఆ పొద్దున సల్మాన్ వేసుకున్న ప్లాను చిన్నదే. ఇంటి ముందు టెంటు, దోస్తు అంజి తెచ్చే డీజే బాక్సులు, కుర్చీల్లో కాలనీ మొత్తం. తన మొదటి స్టూడియో ఆల్బం, ర్యాప్ అంటే ఏందో తెలియనివాళ్లు కూడా చివరి పాట దాకా వినాలి. విని, మర్నాడు కంపెనీ గేటు ముందు ధర్నాకు కదలాలి.

కదలకపోతే ఇల్లు నిలవదు. పెద్దపల్లి దాటాక ఓపెన్‌కాస్టు బొగ్గుగనిని ఆనుకుని ఉంటుంది ఆ కాలనీ. రోజూ మధ్యాహ్నం సైరన్ కొడతారు. జనం ఇళ్లు వదిలి, రోడ్డు దాటి బడి మైదానంలో నిలబడతారు. గనిలో బ్లాస్టింగ్ అవుతుంది. తిరిగొచ్చి ఎవరి పగుళ్లు వాళ్లు చూసుకుంటారు. సల్మాన్ వాళ్ల వెనక గోడ పగులులోంచి పక్కింటి టీవీ కనిపిస్తుంది. గోడ పాతబడిందంతే అంటుంది కంపెనీ. సిగ్గులేని కంపెనీ.

ఆ కోపమే ఆల్బం. కరీంనగర్‌లో కొండగట్టు అంజన్న భజనలు రికార్డు చేసే స్టూడియోలో పాడాడు. మొదటి పాటకు ముందు, ఫోన్‌లో పట్టుకొచ్చిన అసలు సైరన్‌నే పెట్టించాడు.

"తమ్మీ, గీ సౌండుకు మనిషి కుర్చీల కూసోడు!" అన్నాడు స్టూడియో అరుణ్‌కుమార్. సల్మాన్ పొంగిపోయాడు.

జనం వచ్చారు. రిటైరైన గని కార్మికుడు పోశం ముందు వరసలో కూర్చున్నాడు. పక్కన ఐలవ్వ, ఆమె మేక. సల్మాన్ తల్లి అజీజా బగారన్నం గంజు దించింది.

"షురూ చెయ్ బిడ్డా, అన్నం సల్లారుతది," అన్నాడు పోశం.

అంజి మీట నొక్కాడు. సైరన్ లేచింది.

కుర్చీలు ఖాళీ. ఎవరూ ఆలోచించలేదు, కాళ్లకు పట్టిన అలవాటది. ఐలవ్వ మేకను చంకనేసుకుంది. అజీజా గంజు నెత్తినెత్తుకుంది.

"అమ్మీ, ఆగు! గిది నా పాట!" అని అరిచాడు సల్మాన్. ఆ అరుపును బాక్సుల్లోని అతని గొంతే మింగేసింది. కంపెనీ దొరను వెక్కిరిస్తూ రాసుకున్న మొదటి చరణం: "ఉరుకుండ్రి, ఇల్లిడిసి ఉరుకుండ్రి!" మోకాళ్ల నొప్పులతో వెనకబడిన పోశం కూడా ఉరికాడు.

గని గట్టు మీద ఎర్రజెండా పట్టుకున్న కాపలాదారు చూశాడు. సైరన్ వినిపించింది, కాలనీ ఖాళీ అయింది.

"అందరు పోయిండ్రు సార్," అని వాకీటాకీలో చెప్పాడు. అక్కడ పేలుడు మందు కూరిన బొక్కలు సిద్ధంగానే ఉన్నాయి.

పేలింది. సల్మాన్, అంజి బాక్సుల వెనక బోర్లా పడ్డారు. దుమ్ము తగ్గాక చూస్తే వెనక గోడ లేదు. పక్కింటి టీవీ ఇప్పుడు మొత్తం కనిపిస్తోంది.

"నా గోడ!" అంది తిరిగొచ్చిన అజీజా, గంజు ఇంకా నెత్తి మీదే. "నీ పాట మన్నుగాను!"

"ఫికర్ జెయ్యకు అమ్మీ. గిప్పుడు కంపెనోళ్లు ఒప్పుకోక యాడికి పోతరు?" అన్నాడు సల్మాన్.

సాయంత్రం కంపెనీ ఆఫీసరు జీపు దిగాడు. గోడవైపు చూడనే లేదు.

"ఆ పాట ఎవరిదయ్యా? కాలనీ ఇంత తొందరగా ఎప్పుడూ ఖాళీ కాలేదు. మా సైరన్ బొంగురుపోయింది. అది మాకిచ్చేయ్."

"సస్తే ఇయ్య," అన్నాడు సల్మాన్.

అజీజా కొడుకును పక్కకు నెట్టింది. "గోడ కట్టిస్తరా సార్?"

"కట్టిస్తాం."

"ఇచ్చెయ్ బేటా."

"అమ్మీ, గా పాట నిండ వాళ్లను తిట్టుడే గదా!"

"గది తెల్వాలంటే ఇనాలె గదా. ఎవడింటడు? ఇచ్చెయ్."

మర్నాడు ధర్నాకు పోశం ఒక్కడే వచ్చాడు. మిగతావాళ్లు తమ గోడలకూ సిమెంటు దొరుకుతుందేమోనని అజీజా ఇంటి ముందు నిలబడ్డారు.

గోడ లేచింది. నెల తిరక్కుండా పగిలింది. సల్మాన్ తొలి ఆల్బం మాత్రం రోజూ మధ్యాహ్నం గని గట్టు మీద ఫుల్ సౌండులో మోగుతోంది. రెండో చరణం విన్నవాడు ఇంతవరకు లేడు.