కొలబద్ద బడికెళ్ళిన రోజు

ఆ రోజు ఉదయం దర్జీ పెట్టుకున్న పనులు మూడు. నమూనా యూనిఫారం పూర్తిచెయ్యడం, పదింటికల్లా దాన్ని పెద్ద బడికి తీసుకెళ్ళి పెద్ద మేడంకి చూపించడం, సాయంత్రం తన భార్య కుట్టుమిషనును కొనడానికి వచ్చేవాడికి అప్పజెప్పడం. మొదటి రెండూ ఏటా ఉండేవే. మూడోది గుర్తు రాకూడదనే లేచినప్పటి నుంచి అవసరం లేని హడావుడి పడుతున్నాడు.

మిషను అమ్మాలన్నది భార్య నిర్ణయం. కూతుర్ని సందు చివరి ప్రభుత్వ బడి మాన్పించి పెద్ద బడిలో వెయ్యాలని ఆవిడ ఏడాదిగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. ఏటా నాలుగు వందల మంది పరాయి పిల్లలకి ఆ బడి యూనిఫారం కుట్టే మనిషి సొంత పిల్లకి ఒక్కటి తొడగలేకపోవడం ఏం న్యాయమని ఆవిడ అడుగుతుంది. డబ్బు పోస్తే వచ్చే చదువు పొయ్యకపోతే రాదా అని ఈయన అంటాడు. ఇన్నేళ్ళ కాపురంలో వాదనలో ఈయన గెలిచిన రోజు ఒక్కటీ లేదు. పక్కపక్కనే పదేళ్ళుగా నడిచిన రెండు మిషన్లలో ఒకటి పోతే చేరిక ఫీజుకి సరిపోతుందని తేలింది. తనది అమ్మమని ఆవిడే ముందుకొచ్చింది. ఆ మాట అన్న రాత్రి ఇద్దరికీ అన్నం సయించలేదు.

ఆ కొట్లో ఒక పద్ధతి ఉంది. నాలుగో తరగతి కొలతకి కుట్టిన నమూనా ఏదైనా సరే, ముందు కూతురి ఒంటిమీద వేసి చూడాల్సిందే. అందుకే ఇంటిల్లిపాదీ ఆ పిల్లని ముద్దుగా కొలబద్ద అని పిలుస్తారు. భార్య అక్కగారింటికని చెప్పి పొద్దున్నే వెళ్ళిపోయింది. దర్జీ కూతురికి నమూనా తొడిగి, చంకల కింద, వీపున, చేతుల దగ్గర వదులుగా ఉన్నచోటల్లా గుండుసూదులు గుచ్చి బిగించాడు. తీరా చూస్తే భుజం పట్టీలకి గుండీలు తక్కువయ్యాయి. పిల్లని వెలుతురుకి గుమ్మం ముందు నిలబెట్టి, చిలక్కి చెప్పినట్టు చెప్పాడు.

"వంగకు. చేతులెత్తకు. బట్ట నలగనివ్వకు. పెద్ద మేడం చూడాల్సిన చొక్కా ఇది. ఇప్పుడే వస్తా."

ఆయన గుండీల దుకాణంలో రంగు కలిసిందా లేదా అని వాదిస్తూ ఉండగా పెద్ద బడి వ్యాను అటు వచ్చింది. బడి యూనిఫారంలో రోడ్డు పక్కన నిలబడ్డ పిల్ల ఆ బడి పిల్ల కాక మరెవరవుతుంది? వ్యానులోంచి ఆయా దిగి, ఇంకా నిలబడ్డావేమిటి ఎక్కమంది. పెద్ద మేడంకి చూపించడానికేనా అని కొలబద్ద అడిగింది. అవును, ఆలస్యమైతే పెద్ద మేడం చూసి ఊరుకోరు, పద అంది ఆయా. నాన్నే పంపించాడనుకుని పిల్ల వంగకుండా, చేతులెత్తకుండా, ఒక దేవతా విగ్రహంలా వ్యాను ఎక్కింది.

దర్జీ తిరిగొచ్చేసరికి గుమ్మం ఖాళీ. ఎదురింట్లో తాళాలు బాగుచేసే మనిషి, మీ అమ్మాయిని పెద్ద బడి వ్యాను ఎక్కించుకు పోయిందని, చేర్పించినందుకు మిఠాయి ఎప్పుడు పెడతావని అడిగాడు. ఆయన మెడలో టేపుతో, జేబులో గుండీలతో, కాళ్ళకి చెప్పులున్నాయో లేవో చూసుకోకుండా సైకిలెక్కాడు.

పెద్ద బడిలో ఆ రోజు కొత్తగా పిల్లల్ని చేర్పించేవాళ్ళకి బడిని చూపించే కార్యక్రమం ఉంది. గేటు దగ్గర కాపలావాడు కర్ర అడ్డం పెట్టాడు.

"మీ పిల్ల ఇక్కడ చదువుతోందా?"

"లేదు."

"చేర్పిస్తారా?"

"అదింకా తేల్లేదు."

"మరి లోపలికెందుకు?"

"మా పిల్ల లోపలుంది."

కాపలావాడు ఈ లెక్కని రెండుసార్లు మనసులో వేసుకుని, తెగక, మెడలో టేపు చూసి దర్జీగానే లోపలికి వదిలాడు. మైకు గోల వినిపిస్తున్న హాలు వైపు ఆయన పరుగెత్తాడు.

లోపల వ్యవహారం అప్పటికే ముదిరింది. వేదిక మీద కూర్చోబెట్టాలనుకున్న మొదటి ర్యాంకు అమ్మాయి కడుపునొప్పని ఇంట్లోనే ఉండిపోయింది. అదే సమయంలో, పెద్ద మేడంకి చూపించాలన్న ఒక్క ముక్కే పట్టుకుని కొలబద్ద వసారాలో నిలువుగా నిలబడి ఉంది. పెద్ద మేడం అటు వచ్చి చూసింది. పిల్లల గుంపంతా గోల చేస్తుంటే ఒక్క పిల్ల నడుం వంచకుండా, చేయి కదపకుండా ఉండటం ఆవిడ ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో చూడలేదు. ఆ పిల్లని తీసుకెళ్ళి వేదిక మధ్య కుర్చీలో కూర్చోబెట్టింది. పేరు అడిగే తీరిక కూడా లేకపోయింది.

దర్జీ హాలు గుమ్మంలోకి వచ్చేసరికి పెద్ద మేడం మైకులో, ఈ కూర్చున్న తీరు చూడండి, మీరు కట్టే ఫీజు ఎక్కడికి పోతుందో ఇదే చెబుతుంది, నర్సరీ నుంచి మా చేతుల్లో పెరిగిన పిల్ల అంటోంది. ఎవరో ఒక తండ్రి లేచి పంతొమ్మిది పదిహేడులెంత అన్నాడు. కొలబద్ద కళ్ళు కూడా ఆర్పకుండా మూడు వందల ఇరవై మూడు అంది. హాలంతా చప్పట్లు. దర్జీ గుమ్మంలోనే ఆగి లెక్క వేసుకున్నాడు. ఇప్పుడు పిల్ల నాది అంటే నాలుగు వందల చొక్కాల పని పోతుంది. అనకపోతే పిల్లే పోతుంది.

అప్పుడు చూశాడు, మూడో వరసలో తన భార్య. అక్కగారింటికని చెప్పి వచ్చింది ఇక్కడికి. చేతిలో చేరిక కాగితం ఉంది. ఆవిడకి తోచింది ఒకటే. తనకి చెప్పకుండా మొగుడు పిల్లని చేర్పించేశాడు, అంటే మిషను అప్పుడే అమ్మేశాడు. కోరుకున్నది కళ్ళముందు జరుగుతుంటే ఆవిడ సంతోషించాలి. కానీ కుట్టీ కుట్టీ అరిగిన ఆ మిషను చక్రం కళ్ళలో మెదిలి భోరున ఏడ్చింది. పక్కవాళ్ళడిగితే మా పిల్లేనంది. తల్లి గర్వంతో ఏడుస్తోందని వాళ్ళు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. పెద్ద మేడంకి ఇంతకన్నా మంచి అవకాశం ఏముంటుంది? తల్లిగారు రెండు మాటలు చెప్పాలని ఆవిడని వేదిక ఎక్కించి మైకు ఇచ్చింది.

ఆవిడ గుమ్మంలో కనిపించిన మొగుణ్ణి మైకులోనే అడిగింది.

"ఏమండీ, నా మిషను అమ్మేశారా?"

"లేదే," అన్నాడు దర్జీ గుమ్మంలోంచి. "ఇంట్లోనే ఉంది."

"మరి ఫీజు ఎలా కట్టారు?"

"కట్టలేదు. పిల్ల నిన్నటిదాకా సందు చివరి బడిలోనే చదివింది కదా. ఇవాళ కూడా అక్కడికే వెళ్ళాలి. ఆలస్యమవుతోంది."

హాల్లో ఉన్న మూడు వందల తలలూ ఒకేసారి గుమ్మం వైపు తిరిగాయి. పెద్ద మేడం తేలు కుట్టిన దొంగలా ఒక్క క్షణం నిలబడి, పక్క గదిలో అల్పాహారం సిద్ధంగా ఉందని ప్రకటించింది. వెనక వరసల్లో ఒకరిద్దరు సందు చివరి బడికి దారెటు అని అడగడం దర్జీ చెవిన పడింది.

ఆఫీసు గదిలో పెద్ద మేడం కోపం పట్టలేకపోయింది. చొక్కా చూపించమంటే పిల్లని పంపిస్తారా, పోలీసులకి చెబుతాను, ఇంకెక్కడైనా కుట్టించుకుంటాం అంది. దర్జీ జరిగింది జరిగినట్టు చెప్పి, కూతురి చొక్కాలోంచి ఒక్కొక్క గుండుసూదీ తీసి బల్లమీద పెట్టాడు. పదకొండు ఉన్నాయి. పిల్ల హమ్మయ్యా అని వీపు వంచి, రెండు చేతులూ పైకెత్తి, ఒళ్ళు విరుచుకుంది. ఇరవై ఏళ్ళలో చూడని క్రమశిక్షణ అలా బల్లమీద పడి ఉండటం చూసి పెద్ద మేడం కుర్చీలో కూలబడింది.

కాసేపటికి ఆవిడ గొంతు తగ్గింది. నాలుగు వందల చొక్కాలు ఇంత తక్కువ వ్యవధిలో ఇంకెవరూ కుట్టరని ఆవిడకి తెలుసు. పైగా అంతమంది ముందు పంతొమ్మిదో ఎక్కం చెప్పిన పిల్ల నిజంగానే తన బడిలో ఉంటే మాట దక్కుతుంది. సగం ఫీజుకి సీటు ఇస్తామంది. దర్జీ భార్య వైపు చూశాడు. ఏడాదిగా ఆవిడ కన్న కల అది, సగం ధరకి.

ఆవిడ కూతురి వైపు తిరిగి, ఈ బడి ఎలా ఉందే అని అడిగింది.

"బాగుందమ్మా. ఫ్యాన్లు చాలా ఉన్నాయి. వ్యాను కూడా బాగుంది."

"మరి ఎక్కం ఎవరు చెప్పారు?"

"మా పంతులమ్మ. ఇంకెవరు చెబుతారు?"

దర్జీ భార్య చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. ఫ్యాన్ల కోసం, వ్యాను కోసం తన మిషను అమ్మబోయానా అని ఆవిడకి తన మీద తనకే కోపం వచ్చింది. వద్దండీ, మాకు చదువు అక్కడ బాగానే దొరుకుతోంది అని పెద్ద మేడంతో చెప్పి లేచింది. ఇంటికెళ్ళే దారంతా దర్జీ సైకిలు నడిపిస్తూ నవ్వు ఆపుకోలేకపోయాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి వాదన గెలిచాడు, అదీ వాదించకుండా.

సాయంత్రం మిషను కొనడానికి వచ్చినవాణ్ణి భార్యే తిప్పి పంపేసింది. రెండు మిషన్లూ పెద్ద బడి చొక్కాల మీద జోరుగా నడుస్తుండగా సందు చివరి బడి పంతులమ్మ కొట్లోకి వచ్చింది. పొద్దుటి కథ అప్పటికే వీధంతా పాకింది కాబట్టి మెచ్చుకోవడానికి వచ్చిందనుకుని దర్జీ స్టూలు తుడిచి వేశాడు. కానీ ఆవిడ వెనక నాలుగో తరగతి చదివే ఆవిడ కూతురు నిలబడి ఉంది. ఒంటిమీద పెద్ద బడి యూనిఫారం.

"చొక్కా బిగుతైంది. కాస్త వదులు చెయ్యాలి," అంది పంతులమ్మ నేల చూస్తూ.

రెండు మిషన్లూ ఒకేసారి ఆగాయి.

"మీ అమ్మాయి అక్కడా?" అంది దర్జీ భార్య.

"ఏం చెయ్యనమ్మా. ఉద్యోగం చేస్తూ ఒక్కగానొక్క పిల్లని ఉచిత బడిలో వేస్తావా అని మావాళ్ళు పట్టుబట్టారు. నా జీతంలో సగం అక్కడికే పోతుంది." పంతులమ్మ గొంతు తగ్గించింది. "దీనికి ఎక్కాలు రావడం లేదు. నేను చెబితే వినదు. మీ అమ్మాయి సాయంత్రాలు ఒక గంట కూర్చోబెట్టి చెబుతుందేమోనని వచ్చాను."

దర్జీ నోరు తెరవబోయాడు. భార్య చెయ్యెత్తి ఆపి, ఫీజు సంగతి ఆలోచించి రేపు చెబుతానంది.