దొర ఇంకా పోలేదు

ఆ శనివారం ఉదయం శాంతికుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కుక్కపిల్లను ఆటోలో తీసుకెళ్ళి రెండో టీకా వేయించాలి. వస్తూ మోండా మార్కెట్లో చేపలు తీసుకోవాలి. మధ్యాహ్నం పులుసుతో అన్నం తిని ముసుగుతన్ని పడుకోవాలి. వారమంతా రైల్వే ఆఫీసులో ఫైళ్ళతో కుస్తీ పట్టినవాడికి అంతకు మించిన ఆశలేముంటాయి?

మారేడ్‌పల్లిలో ఒక పాత పెంకుటి బంగళాలో సగం వాటా వాళ్ళది. వెనకటికి ఎవరో కంటోన్మెంటు ఇంగ్లీషు దొర కట్టించుకున్నాడని, అందులోనే పోయాడని గల్లీలో చెప్పుకొనేవారు. మందపాటి గోడలు, ఎత్తున కిటికీలు. వెనకగదిలో పట్టపగలు కూడా దీపం వేసుకోవాల్సిందే. శాంతికుమార్‌కు, అతని భార్య మేబెల్‌కు ఆ కథలతో పని లేదు. ఆ అద్దెకు మారేడ్‌పల్లిలో ఇల్లు దొరకడమే అసలైన అద్భుతం.

కుక్కపిల్ల వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. ఒళ్ళంతా పాలనురుగు తెలుపు, ముక్కు మాత్రం గులాబీ రంగు. టీకా కార్డు మీద టామీ అని రాయించారు, అడిగినవాళ్ళకూ అదే చెప్పారు. కానీ నేలమీద గిన్నె పెడితే మొహం తిప్పుకొని, ముక్కాలిపీట మీద పెడితేనే మూతి ముట్టించే వాడి వైభోగం చూసి మేబెల్ "దొర" అంది. ఇంట్లో ఆ పేరే నిలిచిపోయింది.

ఆ ఉదయం దొర లేవలేదు. గోనెపట్టా మీద వాంతి, దాని పక్కన నెత్తుటి జిగట. గది నిండా తుప్పుపట్టిన ఇనుము వాసన. మేబెల్ చేతుల్లోకి తీసుకుంటే తల వాలిపోయింది.

"పార్వో," అంది ఆస్పత్రిలో పశువైద్యురాలు డాక్టర్ ఎమిలీ, పరీక్ష చేసి. "రోజూ సెలైన్ ఎక్కాలి, వాంతులకు ఇంజెక్షన్లు పడాలి. కాలికి సూది గొట్టం పెట్టి పంపిస్తాను, బాటిల్ ఎలా మార్చాలో మీరిద్దరూ చూసి నేర్చుకోండి. బతుకుతాడనీ చెప్పను, బతకడనీ చెప్పను. కానీ ఒక్కమాట బాగా వినండి. ఇది మనుషులకు రాదు, మనుషుల చెప్పుల మీద ఊరేగుతుంది. మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. ఫినాయిల్‌కు చావదు, బ్లీచింగ్ నీళ్ళకే చస్తుంది. ఎవర్నీ లోపలికి రానివ్వకండి."

ఎదురింటి ఊర్మిళకు ఒక పమేరియన్ కుక్క ఉంది. అది ఈమధ్యే ఈనింది. పిల్లలకు ఇంకా టీకా ఈడు రాలేదు. నీళ్ళ ట్యాంకు కింద వీధికుక్క ఒకటి పిల్లలతో సంసారం పెట్టుకుంది. వాటిని తలచుకొని శాంతికుమార్ గేటు దగ్గరే నిలబడి లోపలికి రావద్దని వచ్చినవాళ్ళందరికీ దండాలు పెట్టాడు.

మొదట వచ్చింది ఊర్మిళే, చంకలో పమేరియన్‌తో సహా.

"టామీకి బాగలేదంట గదా అన్నా! జెర చూసిపోదామని వచ్చిన."

"రావద్దమ్మా. వైరస్."

"కుక్కలదే గదా? మనకు రాదు గదా?"

"మనకు రాదు, మీ కుక్కపిల్లలకు వస్తుంది."

"అయ్యో, నేను దీన్ని కిందికి దింపుతనా ఏంది?" అంటూనే ఆమె వరండాలోకి వచ్చి కూర్చుంది. ఆమె వెనక ఇంకో నలుగురు. ఒకాయన పసుపు పాలు పట్టమన్నాడు. ఒకావిడ పెరుగన్నం తెచ్చింది. వాళ్ళు వెళ్ళాక శాంతికుమార్ వరండా మొత్తం బ్లీచింగ్ నీళ్ళతో కడిగాడు. కడుగుతుండగానే మరో ఇద్దరొచ్చారు. జబ్బు కన్నా ప్రేమే ఎక్కువ తక్లీఫ్ పెడుతోంది.

ఆదివారం నుంచి ముసురు పట్టింది. కరెంటు వస్తూ పోతూ ఉంది. శాంతికుమార్ గేటుకు అడ్డంగా, ఇంటి చుట్టూ బ్లీచింగ్ పొడి గీత పోశాడు. దొర పడుకున్న పట్టాలనూ గుడ్డలనూ పెరట్లో రేకు కింద కాల్చాడు. తడిసిన గుడ్డ మండక, తెల్లటి పొగ ఇంటిచుట్టూ పాకి కిటికీలకు అతుక్కుంది. మేబెల్ తెల్ల రెయిన్‌కోటు తొడుక్కొని, మాస్కు కట్టుకొని, మోచేతుల దాకా గ్లవ్స్ వేసుకొని వెనకగదిలో కూర్చుంది. కిటికీ చువ్వకు వేలాడే సెలైన్ బాటిల్ నీడ గోడమీద మనిషి తలకాయలా ఊగుతోంది. దొర మూలుగు కుక్క మూలుగులా లేదు. నిద్రలో ఎవరో ఏడుస్తున్నట్టుంది.

ఊర్మిళ ఇంట్లో పనిచేసే దేవమ్మ ఆ సాయంత్రం బంగళా వెనక సందులోకి చెత్త పారేయడానికి వచ్చింది. పొగ చూసి ఆగింది. వెనక కిటికీలో మొహం లేని తెల్లటి ఆకారం వంగి, గొంతు పీలగా చేసి, "దొరా... పోవద్దు దొరా... నా మాట విను దొరా..." అంటోంది.

దేవమ్మ చేతిలో చెత్తబుట్ట చేతిలోనే ఉండిపోయింది. అయినా గుండె గల మనిషి, మర్నాడు నేరుగా గేటు దగ్గరికి వచ్చి శాంతికుమార్‌నే అడిగింది.

"సార్, లోపట... దొర ఉన్నడా?"

ఆ పేరు ఈమెకెలా తెలిసిందా అని కూడా అతనికి తట్టలేదు. నిద్రలేక కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. కుర్చీ లాక్కుని కూర్చోకుండా దూరంనుంచి అడిగిన మొదటి మనిషి ఆమే.

"ఉన్నాడమ్మా. ఇంకా పోలేదు. పొద్దుటి నుంచీ రక్తమే."

దేవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బయటికొస్తడా సార్?"

"రాకూడదనే గదా ఈ గీత! వచ్చాడంటే ముందు చిన్నపిల్లల మీదే పడుతుంది. ఒక్కటీ మిగలదు. అందరికీ చెప్పు దేవమ్మా, నేను చెబితే ఒక్కరూ వినడం లేదు."

దేవమ్మ చెప్పింది. అందరూ విన్నారు.

మధ్యాహ్నానికి గల్లీ ఖాళీ అయింది. ఆడుకునే పిల్లలు లేరు. పాలవాడు ప్యాకెట్‌ను మలుపు దగ్గరే పెట్టి ఫోన్ చేశాడు. ఊర్మిళ తన పమేరియన్‌నూ పిల్లలనూ మేడమీది గదిలో పెట్టి తలుపు వేసింది. దొర దయ్యం మొదట కుక్కను పట్టిందని, ఆ తర్వాత మేబెల్‌ను పట్టిందని, సారు పాపం పిచ్చెక్కి ఇంటి చుట్టూ ముగ్గు పోస్తున్నాడని కథ ట్యాంకు దాటి మెయిన్‌రోడ్డు దాకా పోయింది.

శాంతికుమార్‌కు ఇవేవీ తెలియవు. జనం చెప్పిన మాట విన్నారని తెగ సంతోషించాడు. మరునాడు గేటుకు నిమ్మకాయలు, ఎండుమిర్చి గుచ్చిన తాడు కనిపించేసరికి ఆ సంతోషం జారిపోయింది.

"మనకెవరో చేతబడి చేశారు మేబెల్," అన్నాడు గొంతు తగ్గించి.

"ప్రార్థన చేసుకునేవాళ్ళం, మనకేంటండీ భయం?" అంది మేబెల్. కానీ ఆ తాడును ఆమె కూడా ముట్టుకోలేదు.

ఆ చీకటి మధ్యాహ్నం బాటిల్ మార్చడానికి అతనే వెనకగదిలోకి వెళ్ళాడు. దొర కళ్ళు తెరిచి ఉన్నాయి. అతన్ని చూడటం లేదు. అతని భుజం మీదుగా, ఖాళీగా ఉన్న మూల వైపు చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ తోక కొసను ఒక్కసారి, చాలా మర్యాదగా ఆడించాడు. శాంతికుమార్ వెనక్కి తిరగలేదు. బాటిల్ మార్చాడు, గోడకేసి వీపు ఆనించి పక్కపక్కగా నడుచుకుంటూ బయటికొచ్చాడు. ఈ సంగతి భార్యకు చెప్పలేదు.

ఎదురింట్లో మాత్రం సమావేశం షురూ అయింది. భూతవైద్యుణ్ణి పిలుద్దామని ఒకరన్నారు.

"గిది ఇంగ్లీషు దయ్యం," అంది ఊర్మిళ. "మన మంత్రాలు దానికి సమజవుతయా? వాళ్ళ చర్చోళ్ళనే పిలవాలె."

అలా జకర్యాగారికి కబురు వెళ్ళింది. ఆయన చర్చి పెద్ద. రైల్వేలో గార్డుగా రిటైరయ్యారు. శాంతికుమార్ అంటే ప్రాణం. దయ్యాన్ని ఇంగ్లీషులో వెళ్ళగొట్టాలని చెప్పగానే ఆయన కాస్త తడబడ్డారు. ప్రార్థనంతా ఆయనకు తెలుగులోనే వచ్చు. వచ్చిన ఇంగ్లీషంతా ప్లాట్‌ఫారాల మీద, రైళ్ళలోంచి జనాన్ని దింపుతూ నేర్చుకున్నది.

సాయంత్రం వాన తెరిపి ఇచ్చింది. గేటు బయట గల్లీ మొత్తం నిలబడింది. ముందు జకర్యాగారు తెల్ల చొక్కా, బైబిలుతో. పక్కన ఊర్మిళ, అన్నం ముద్ద మీద ఉడికించిన గుడ్డు పెట్టిన విస్తరితో. ఏ దారైనా పనిచేయకపోతుందా అని ఆమె ముందుచూపు. విస్తరిని గీతకు ఇవతల పెట్టబోయి, లోపల ఏదో చప్పుడైతే భయంతో అవతలికి విసిరేసింది. అది వరండా మెట్టు మీద పడింది.

తలుపు తెరుచుకుంది. తెల్ల రెయిన్‌కోటు, మాస్కు, చేతిలో కర్ర. జనం ఒక్క ఊపున వెనక్కి జరిగారు.

జకర్యాగారు కళ్ళు మూసుకొని గొంతెత్తారు. "స్పిరిట్! నో అడ్మిషన్ వితవుట్ పర్మిషన్! ఓవర్‌స్టే ఈజ్ అఫెన్స్! అలైట్! అలైట్ ఇమ్మీడియట్లీ! దొరా, గెట్ అవుట్!"

ఇంటి లోపలి చీకట్లో గచ్చు మీద గోళ్ళు గీకుతున్న చప్పుడు. ఆగింది. మళ్ళీ గీకింది. ఏదో ఒళ్ళు ఈడ్చుకుంటూ ముందుకు వస్తోంది. దేవమ్మ పక్కనున్న ఎవరి చెయ్యో పట్టుకుంది. అది జకర్యాగారిది. ఆయన అభ్యంతరం చెప్పలేదు.

గుమ్మంలో తెల్లటి తల కనిపించింది. కాలికి కట్టు, వణుకుతున్న మోకాళ్ళు, గులాబీ రంగు ముక్కు. పేరు పిలిస్తే వచ్చాడు పాపం. అందరినీ ఒక్కసారి కలయజూసి, మెట్టు మీది విస్తరి వాసన పట్టి, గుడ్డులోని పచ్చసొన నాకాడు.

"తిన్నాడు!" కర్ర కిందపడేసి మేబెల్ కూలబడి ఏడ్చేసింది. "ఏవండీ, దొర తిన్నాడు! శనివారం నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదే నా బంగారం... దొరా!"

"దొరంటే..." అంది దేవమ్మ.

"టామీయా?" అంది ఊర్మిళ.

పెరట్లోంచి పరుగెత్తుకొచ్చిన శాంతికుమార్ కుక్కను చూసి ఆనందించేలోపే కింద చూశాడు. కుక్కను చూడాలని ముందుకు తోసుకొచ్చిన తొక్కిసలాటలో సగంమంది గీత తొక్కారు, జకర్యాగారు కళ్ళు మూసుకొని ఏకంగా లోపలికే వచ్చేశారు. అంతే, అతనికి ఒళ్ళు మండిపోయింది.

"ఎవ్వరూ కదలొద్దు! చెప్పులు విప్పండి! అందరూ!"

దయ్యం కన్నా గట్టిగా ఉన్న ఆ గొంతుకు గల్లీ మొత్తం లొంగింది. చెప్పులన్నీ బ్లీచింగ్ నీళ్ళ టబ్బులో మునిగాయి. చర్చి పెద్ద నుంచి పాలవాడి దాకా పాదాలు కడిగించుకొని, ఉత్తికాళ్ళతో బురదలో నిలబడి మొదటిసారి పార్వో గురించి చివరిదాకా విన్నారు. విన్నాక, "గిదేనా!" అని తేలిగ్గా ఊపిరి పీల్చుకొని, మరునాడు పొద్దున్నే దొరను చూడటానికి బిలబిలమంటూ వచ్చేశారు. కుక్కలున్నవాళ్ళు కుక్కలతో సహా.

శాంతికుమార్ గేటు దగ్గర నిలబడి వరండాలో చేరిన గుంపును చూశాడు. అబద్ధం ఆడటం అలవాటు లేని మనిషి. వెనకగది మూల గుర్తుకొచ్చింది. అక్కడ అబద్ధమెంతో, నిజమెంతో అతనికీ తెలియదు.

"కుక్క సంగతి సరేనమ్మా," అన్నాడు నెమ్మదిగా. "ఆ గదిలో ఇంకొకాయన ఉన్నట్టున్నాడు."

వరండా నిమిషంలో ఖాళీ అయింది.

వానలు వెనకబట్టాక ఊర్మిళ ఇంట్లో, నీళ్ళ ట్యాంకు కింద ఉన్న కుక్కపిల్లలన్నిటికీ టీకాలు వేయడానికి డాక్టర్ ఎమిలీ గల్లీకి వచ్చింది. ఒక్కదానికీ జబ్బు సోకలేదు. దొర మెట్ల మీద ఎండ కాచుకుంటున్నాడు.

"ఇంతమందిని అన్ని వారాలు ఎలా ఆపారండీ? నేను ఎంత చెప్పినా ఎవరూ వినరే!" అంది ఆమె.

"మేం కాదు డాక్టరమ్మా," అన్నాడు శాంతికుమార్. "చనిపోయిన ఇంగ్లీషాయన ఒకరు దయ తలిచారు."

డాక్టర్ ఎమిలీ సిరంజిలోకి మందు తీసుకుంటూ, నవ్వకుండానే అంది. "ఆయన బయటి గల్లీలు కూడా చూస్తారేమో కనుక్కోండి."