రహమతుల్లా సైకిలు పందెం చూసి వచ్చిన వైనం

పెన్న పొంగి, జమ్మలమడుగు ఏటిగడ్డన ఉన్న దోసతోటలన్నిటినీ ఇసుక కింద పూడ్చిపోయిన ఏడాది అది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఎక్కువ కాలం కాలేదు. వరద తీసి, రోడ్లు ఆరాక, ఒక ఆదివారం పొద్దున ప్రొద్దుటూరులో రహమతుల్లా కొత్త రుమాలు తలకు చుట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. సైకిలు పందెం చూడటానికి పోవాలి.

రహమతుల్లా ఎద్దులకు లాడాలు కొట్టేవాడు. ఆ చుట్టుపక్కల ఎక్కడ బండలాగుడు పందెం జరిగినా, గెలిచిన జత కాళ్లకు ఆయన కొట్టిన లాడాలే ఉంటాయని పేరు. ఓడిన జతల కాళ్లకు కూడా ఆయన లాడాలే ఉండేవి. ఆ సంగతి ఎవరూ అడగలేదు. ఆయన చెప్పలేదు.

కొడుకు మున్వరు మాత్రం సుత్తి పట్టలేదు. సైకిలు పట్టాడు. బెంగళూరులో ఒక సైకిళ్ల కంపెనీ అతనికి నెలజీతం ఇచ్చి పందేల్లో దించుతోంది. "సైకిలు తొక్కేదానికి జీతమేంది? అదొక పనా?" అని తండ్రి అన్నాడు. "నేను పందెంలో తొక్కేది నువ్వొచ్చి సూసే దాకా ఈ ఇంటికి రాను" అని కొడుకు అన్నాడు. మూడేళ్లు దాటింది. ఇద్దరూ మాట మీద నిలబడే రకమే కావడంతో మధ్యలో తల్లి ఖాతూన్‌బీ నలిగిపోయింది.

ఇప్పుడు పందెమే ఇటు వస్తోంది. కడపలో మొదలై మైదుకూరు, చాపాడు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా పులివెందుల దాకా. మున్వరు బస్సు డ్రైవరుతో కబురంపాడు. ప్రొద్దుటూరు బజారులో జనం తోపులాటలో ఎవరికెవరూ కనపడరట. జమ్మలమడుగు దాటాక ఏటి దారిలో వరద ఇసుక ఇంకా తీయలేదు కాబట్టి అక్కడ అందరూ మెల్లగా పోతారట. అబ్బాను అక్కడ నిలబడమన్నాడు.

ఖాతూన్‌బీ పలావు వండి, క్యారియరుకు పెట్టి, గుడ్డసంచిలో వేసి మొగుడి చేతికిచ్చింది. "వాన్ని తోడుకోని రాకుంటే నువ్వు గూడా రావాకు" అంది.

అల్లుడు జియావుల్లా మోటారుసైకిలు బయటికి తీశాడు. అది పటాలం వాళ్లు వాడి వదిలేసింది. ఆ తర్వాత చాలామంది వాడి వదిలేశారు. జియావుల్లా ఇంకా వదల్లేదు.

"మామా, గట్టిగా పట్టుకో."

"దేన్ని?"

"నన్ను."

"నిన్ను నమ్మి బిడ్డనే ఇచ్చినా. అది సాల్దా?" అంటూ రహమతుల్లా సంచిని గట్టిగా పట్టుకున్నాడు.

దారి పొడుగునా ఆయన అల్లుడికి పందేల సంగతి బోధించాడు. "ముందర అందరూ కలిసి బరికాడికి పోతారు. ఆడ చీట్లు ఏస్తారు. ఒగుని తర్వాత ఒగడు దిగుతాడు. ఎవుడు ఎంత దూరం పోతే అంత కొలుస్తారు. మనోని చీటీ ఆఖర్న రావల్ల. అప్పుడే జనానికి ఊపొచ్చేది." ఇంజను మోతలో జియావుల్లాకు ఒక్క ముక్క వినపడలేదు. మామ మాట్లాడుతున్నాడని మాత్రం వీపుకు తెలుస్తోంది. "అవును మామా" అంటూ పోయాడు. అల్లుడు ఇంత బుద్ధిగా వినడం చూసి మామకు సంతోషమైంది.

జమ్మలమడుగు దాటి ఏటి దగ్గరకు చేరగానే మోటారుసైకిలు దగ్గి ఆగిపోయింది. "ప్లగ్గు పోయినట్లుండాది. ఊళ్లో తుడిపించుకోని ఇట్లే వస్తా. నువ్వు ఈడే ఉండు" అని జియావుల్లా దాన్ని తోసుకుంటూ వెనక్కు పోయాడు. రహమతుల్లా సంచి పట్టుకుని ఇసుక ఒడ్డున నిలబడ్డాడు.

కొంతసేపటికి హారను మోగించుకుంటూ ఒక జీపు వచ్చింది. దాని వెనక సైకిళ్లు మందగా వచ్చాయి. ఇసుక తగలగానే పందెంగాళ్లందరూ కిందికి దిగి, సైకిళ్లు భుజాన వేసుకుని నడవసాగారు. రహమతుల్లా మెచ్చుకోలుగా తల ఊపాడు. పందేనికి ముందు ఎద్దులను అలసిపోకుండా బరి దగ్గరకు నడిపించుకుపోయే మంచి రైతులను ఆయన చాలామందిని చూశాడు. వీళ్లు ఏకంగా మోసుకుపోతున్నారు. బుద్ధిమంతులు.

అందరివీ ఒకే తీరు టోపీలు, కళ్లద్దాలు. దుమ్ముకు మూతులకు గుడ్డలు కట్టుకున్నారు. అవతలి పక్క నడుస్తున్న ఒకడు ఇటు చూసి చెయ్యెత్తి ఏదో అరిచాడు. హారను మోతలో అది కలిసిపోయింది. ఎవడో కుర్రాడు పందేనికి పోతూ దారిలో ఆటలాడుతున్నాడని రహమతుల్లాకు తోచింది. "పో పో, నిలబడాకు" అని గట్టిగా చెయ్యి ఊపాడు. ఆ కుర్రాడు ఒక్క క్షణం ఆగాడు. మంద కదిలిపోయింది. ఇంక చీట్లు వేయాలి, జతలు కట్టాలి, పెద్దలు మాట్లాడాలి. మధ్యాహ్నం దాకా ఏమీ కాదని ఆయన పక్కనున్న చింతతోపులోకి పోయి, సంచి తలకింద పెట్టుకుని, రుమాలు మొహాన కప్పుకున్నాడు.

మెకానిక్కు పెరట్లో ప్లగ్గు తుడిపించుకుని జియావుల్లా వచ్చి ఆయన్ను తట్టి లేపాడు.

"మామా! మున్వరును సూస్తివా?"

"ఇంగా మొదులుకాల్యా. ఇప్పుడే అందరూ బరికాడికి పోయినారు."

"బరేంది మామా? ఈ రోడ్డే బరి! పోయింది పందెమే!"

రహమతుల్లా లేచి కూర్చున్నాడు. "అందరూ ఒక్కసారే పోతాంటే ఎవుడెంతో ఎట్ల తెలుస్తాది?"

"ముందర పోయినోడే గెలిచినోడు."

"అది పందెమా, బస్సెక్కే తోపులాటా?" అని ఆయన కోప్పడ్డాడు. కోపం చల్లారాక మొహం వాడింది. "అంటే నేను వాన్ని సూల్యా. వాడు ఇంటికి రాడు. మీ అత్త నన్ను గూడా రానీదు. ఎక్కు అల్లుడా, తోలు!"

తోలాడు. ముద్దనూరు దాటాక రోడ్డు వదిలి బండ్ల బాట పట్టాడు. క్యారియరు మామ కడుపులోనూ, మామ మోకాళ్లు అల్లుడి నడుములోనూ గుచ్చుకుంటుండగా తొండూరు దగ్గర మళ్లీ రోడ్డెక్కారు. పందెం ఇంకా రాలేదు. వీళ్లే ముందున్నారు. "ఈ తూరి నన్ను వాడు సూడకపోతే అడుగు" అని రహమతుల్లా రోడ్డంచున నిలబడి, తల్లి ఇచ్చిన సంచిని కొడుక్కు కనపడేలా చెయ్యి చాచి పట్టుకున్నాడు.

ఆ పందేల్లో ఒక ఆచారం ఉంది. కంపెనీల మనుషులు దారిలో తిండి సంచులు చాచి నిలబడతారు. తొక్కేవాళ్లు ఆగకుండా అందుకుని పోతారు. ఆ సంగతి రహమతుల్లాకు తెలియదు. అందరికన్నా ముందు వస్తున్న మద్రాసు కుర్రాడికి ఆకలి తప్ప ఇంకేమీ తెలియడం లేదు. సంచి ఆయన చేతిలోనుంచి అతని మెడలోకి పోయింది.

"ఓరి దొంగ నా కొడకా! పట్టపగలు! అల్లుడా, పట్టుకో వాన్ని!"

మోటారుసైకిలు వెంటపడింది. మద్రాసు కుర్రాడికి తెలుగు రాదు. రుమాలు చుట్టుకున్న పెద్దాయన ఒకడు వెనక కూర్చుని, పిడికిలి ఊపుతూ కేకలేస్తూ తరుముకొస్తున్నాడని మాత్రం అర్థమైంది. పెడళ్ల మీద లేచి నిలబడి తొక్కాడు. మెడలో క్యారియరు గంటలా మోగుతోంది. దగ్గరకు వచ్చినప్పుడల్లా మోటారుసైకిలు దగ్గుతుంది, అతను తప్పించుకుంటాడు. "నిలబడ్రా! నాకు దొరికితే కాళ్లకు లాడాలు కొడ్తా!" అని రహమతుల్లా అరుస్తున్నాడు. రోడ్డు పక్క జనం చప్పట్లు కొట్టారు. "గురువంటే ఆయప్ప! ఎట్ల తోల్తాండాడో సూడు!" అన్నారు.

అలా ముగ్గురూ పులివెందుల చేరారు. మద్రాసు కుర్రాడు మిగతావాళ్లకు అందనంత దూరంలో మొదట వచ్చి, సైకిలు మీదనుంచి పడిపోయి, పడిన చోటనే దండ వేయించుకున్నాడు. బ్యాడ్జీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన ఇంకో దండ తెచ్చి రహమతుల్లా మెడలో వేశాడు. "ఈయప్ప ఎంటపడి తోలకుంటే వీడు గెలిచేటోడా? పిల్లోల్లకు ఇట్లాంటోల్లు కావల్ల!" బ్యాండు వాయించారు. రహమతుల్లాకు దండలు కొత్త కాదు. సర్దుకుని వేసుకుని, "నా క్యారియరు ఇప్పీండి" అన్నాడు. మద్రాసు కుర్రాడు కూర్చున్నచోటనే రెండు చేతులతో సంచి పైకెత్తి ఇచ్చాడు. మూత తీసే తీరిక అతనికి దొరకలేదు.

తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. రహమతుల్లా ఒక్కొక్కరి మొహంలోకీ తొంగిచూశాడు. మధ్యలో ఆగిపోయినవాళ్లను ఎక్కించుకున్న లారీ కూడా వచ్చింది. అందులోనూ లేడు.

"మున్వరా?" అన్నాడు బ్యాడ్జీ పెద్దమనిషి, లారీవాళ్లను అడిగివచ్చి. "జమ్మలమడుగు ఏటికాడ సూసినారంట. ఆడినుంచి ఎవురికీ కనపల్యా."

రహమతుల్లా దండ తీయడం కూడా మరిచిపోయి మోటారుసైకిలు ఎక్కాడు. తిరుగుదారిలో ప్రతి మోరీ దగ్గరా ఆపించి కిందికి తొంగిచూశాడు. ఏటి దగ్గర దిగి ఇసుకంతా కలయతిరిగాడు. చివరికి ఒక్క మాట అన్నాడు.

"ఒగడు చెయ్యెత్తినాడు అల్లుడా. నేనే పో పో అన్యా."

జియావుల్లా మోటారుసైకిలు తోసుకొచ్చి మామ పక్కన ఆపాడు.

దీపాలు పెట్టేవేళకు ఇల్లు చేరారు. గోడకు ఆనించి ఒక సైకిలు ఉంది. లోపల మున్వరు అన్నం తింటున్నాడు. ఖాతూన్‌బీ పక్కన కూర్చుని విసురుతోంది.

"యాడ సచ్చినారు మీరిద్దరూ? పిల్లోడు మద్యాన్నం నుంచి మీకోసరం సూస్తాండాడు" అంది. దండ చూసి, "ఎవురి పెండ్లికి పోయినారు?" అంది.

రహమతుల్లా గడప మీదనే కూలబడ్డాడు. కొడుకును తల నుంచి కాళ్ల దాకా చూశాడు. ఎక్కడా దెబ్బ లేదు.

"నువ్వొచ్చి సూసినావు కదబ్బా" అన్నాడు మున్వరు, ముద్ద చేతిలో పట్టుకుని. "ఏటికాడ చెయ్యి ఊపి పొమ్మంటివి. ఇంటికి పొమ్మన్యావని ఎనక్కి తిరుక్కున్యా. మల్లా సూస్తే ఆడ నువ్వు ల్యావు. ముందరే ఇల్లు చేరినావేమో అని ఒక్కటే తొక్కుడు."

రహమతుల్లా కళ్లు తుడుచుకున్నాడు. రుమాలు దులుపుకున్నాడు. ఉన్నట్టుండి ఏదో తోచినవాడిలా తలెత్తాడు.

"మరి పందెం?"

"ఇడిసిపెట్టినా."

"మద్దెలోనా?"

"ఊ."

రహమతుల్లా లేచి నిలబడ్డాడు. "నా లాడాలు ఏసుకున్య ఎద్దు ఏదన్నా, ఓడిపోతాంటే గూడా, మద్దెలో బరి ఇడిసిందంట్రా?"

"నేను ఎద్దునా అబ్బా?"

"అయింటే బాగుండు!"

"మూడేండ్లకు వచ్చినాడు, తిననీ!" అని ఖాతూన్‌బీ విసనకర్ర ఎత్తింది.

"తినమను" అన్నాడు రహమతుల్లా. తన చేతిలోని క్యారియరు కూడా తెచ్చి కొడుకు ముందు పెట్టాడు. "ఇది గూడా తినమను. కడుపు నిండా తిని పడుకోమను."

మరుసటి రోజు పొద్దున చీకటి ఉండగానే ఆయన లేచి సైకిలు గొలుసుకు నూనె పెట్టాడు. కొడుకును, అల్లుడిని లేపాడు. జమ్మలమడుగు ఏటి దగ్గరకు తీసుకుపోయి, ముందురోజు మున్వరు వెనక్కు తిరిగిన చోటనే అతన్ని నిలబెట్టి, నోట్లో వేళ్లు పెట్టి ఈల వేశాడు. మోటారుసైకిలు వెనక కూర్చుని, పులివెందుల దాకా కేకలేస్తూ వెంటపోయాడు. ఆ పందెంలో మున్వరే మొదట వచ్చాడు.