ఎర్ర సిలువ వేసిన తలుపు

పదకొండు గంటలకల్లా ఇంట్లో ఒక శవం తయారుగా ఉండాలి. ఆ పాత్రకు నాయనమ్మను ఒప్పించారు.

"పడుకోవడమేగా, పడుకుంటా. మధ్యలో కాఫీ ఇస్తారా?" అంది నాయనమ్మ, వరండాలో మంచమెక్కి తెల్ల దుప్పటి లాక్కుంటూ.

"శవం కాఫీ తాగదు నాయనమ్మా," అన్నాడు మనవడు.

"అయితే ముందే పట్రా."

తల్లికి నవ్వు రాలేదు. పిల్లలిద్దరికీ ఆవిడ ఇంట్లోనే చదువు చెబుతోంది. ఆ చదువెలా ఉందో చూడడానికి పదకొండింటికి స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. ఆయన పెదవి విరిస్తే పిల్లలు రేపే బడికి పోవాలి. అందుకే ప్రపంచ చరిత్రలోంచి ప్లేగు పాఠం ఎంచుకుంది. పూర్వం ప్లేగు సోకిన ఇళ్లకు వేసినట్టే, కూతురు వీధి తలుపు మీద ఎర్ర రంగుతో సిలువ వేసి, కింద 'ప్రభువా, మమ్మల్ని కరుణించు' అని రాసింది.

"ఊళ్లు ఊళ్లే పారిపోతుంటే, విశ్వాసులు ఉండి రోగులకు సేవ చేశారు. పాఠమంతా అదే," అంది తల్లి.

"మన చర్చి సంఘం వాళ్లూ అలా ఉంటారా అమ్మా?" అడిగింది కూతురు.

"ఉండక ఎక్కడికి పోతారే?"

ఎదురింట్లో ఉండే సంఘం సిస్టర్ కిటికీలోంచి తలుపు చూసింది, దుప్పటి కప్పిన ఆకారాన్ని చూసింది, ఫోనందుకుంది. సంఘంలో ప్రార్థన గొలుసు ఉంది. కబురు అందినవాళ్లు ప్రార్థించి పక్కవాళ్లకు చెప్పాలి, ప్రశ్నలు వేయకూడదు. ఆ నియమం పెట్టింది ఈ తల్లే. తనిఖీకి అడ్డం రాకూడదని తన ఫోను ఆపేసి కూర్చుందీ తనే. గొలుసు మొదట్లో నాయనమ్మకు జ్వరం. నడుమకొచ్చేసరికి అంటురోగం. చివరికి ముసలావిడ పోయింది, మిగతావాళ్లు పోయేలా ఉన్నారు.

పదిన్నరకు సంఘం పంపిన వ్యాను వచ్చింది. మూతికి గుడ్డలు కట్టుకున్న ఇద్దరు శవపేటికను గేటు ముందు దించి, వెనక్కి చూడకుండా పోయారు. వీధికి అవతల పాస్టరు, సంఘమంతా నిలబడి పాట ఎత్తుకున్నారు.

తల్లి పరుగున బయటికొచ్చింది. "పాస్టరుగారూ, ఎవరికీ ఏం కాలేదండీ. ఇది పాఠం."

"అలాగేనమ్మా, ధైర్యంగా ఉండు. అక్కడే ఉండు."

ఆవిడ ఒకడుగు ముందుకేసింది. సంఘం రెండడుగులు వెనక్కేసింది. సరిగ్గా అప్పుడే వరండాలో శవం లేచి కూర్చుంది.

"బాగా పాడుతున్నారే, ఆపారేం?"

వీధి ఖాళీ అయింది. అందరికంటే ముందు మలుపు తిరిగింది పాస్టరే. కూతురు తల్లి మొహంలోకి చూసింది.

ఆ ఖాళీ వీధిలో ఇన్‌స్పెక్టర్ ఒక్కడే నడిచొచ్చాడు. చెవులదాకా మఫ్లరు. పేటికను చూశాడు, సిలువను చూశాడు, తిన్నగా వరండాలోకొచ్చి కూర్చున్నాడు.

తల్లికి కళ్లు చెమర్చాయి. "చూశారా పిల్లలూ, అందరూ పారిపోతే సారు భయపడకుండా వచ్చారు."

"భయం దేనికమ్మా," అంటూ ఆయన మఫ్లరు విప్పాడు. మొహమంతా పొక్కులు. "ఆటలమ్మ పోసింది. ఇంట్లోవాళ్లు మెట్ల కింద పడుకోమన్నారు. ఆఫీసులోకి రానివ్వక తనిఖీలకు తోలారు. పొద్దుట్నుంచీ ఏ ఇంటివాళ్లూ గడప తొక్కనివ్వలేదు. మీ తలుపు చూశాక, ఇక్కడ నావల్ల కొత్తగా పోయేదేం లేదనిపించింది."

వీపుకు గోడ తగిలాక గాని, తను వెనక్కి నడిచానని తల్లికి తెలియలేదు.

"సరే పాపా, ప్లేగు కాలంలో ఎవరేం చేశారు?" ఆయన గొంతు వణికింది. ఒళ్లు కాలిపోతోంది.

"ఊరంతా పారిపోయింది సార్. విశ్వాసులు..." కూతురు ఆగి తల్లి వైపు చూసింది.

"మంచం ఖాళీగానే ఉంది, పడుకో నాయనా," అంది నాయనమ్మ దిగుతూ. కూతురు నీళ్లలో గుడ్డ తడిపి ఆయన దగ్గరికి నడిచింది. సగం దారిలో తల్లి ఎదురొచ్చి, గుడ్డ తన చేతిలోకి తీసుకుంది.

సాయంత్రందాకా ఆవిడ ఆ మంచం దగ్గరనుంచి లేవలేదు. ఇంటి చదువుకు అనుమతి పడుకునే ఇచ్చాడాయన.

ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి ఆటలమ్మ పోయడంతో, తలుపు మీది సిలువ చెరపాల్సిన అవసరం మాత్రం నెలన్నరదాకా రాలేదు.